విస్సన్న పంతులు గారి వాంగ్మూలం

నిన్న పొద్దున్న మా పక్కింటి తలుపుకి కోర్టు బంట్రోతు ఒకడు కాగితం అంటిస్తున్నాడు. నేను వీధి అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. కాగితంలో ఏముందో నేనున్న చోటికి కనబడలేదు. కాని అతను ముంతలోంచి వేళ్లతో తీసి తలుపుకి పులుముతున్న జిగురు వాసన మాత్రం గుప్పున కొట్టింది. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడకేసి చేసే జిగురు అది. రెండు రోజులు నిలవుంటే పులుస్తుంది. ఆ పులిసిన వాసన తగలగానే నోట్లో వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. మా ఆవిడ లోపలినుంచి రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు. ఇరవై ఏళ్ల కిందట అలాంటి ముంతే నా చేతిలో ఉండేది. నా ముందు తాటాకు గొడుగు వేసుకుని విస్సన్న పంతులు గారు నడిచేవారు.

రాజమండ్రి కోర్టు ఆవరణలో నా దగ్గరికి అర్జీలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన గురించి చెప్పుకునేందుకు పెద్ద ఉద్యోగమూ లేదు, బిడ్డలూ లేరు. పాలకొల్లుకు కోసెడు దూరంలో, కాలువ గట్టు పక్కన ఒక జమీందారీ ఎస్టేటు వారి కచేరీ ఉండేది. అక్కడ పెద్ద గుమాస్తా ఆయన. చుట్టుపక్కల రెండు గ్రామాల భూములన్నీ జమీందారు గారివి. రైతులు వాటిని సాగు చేసుకుంటూ ఏటేటా శిస్తు చెల్లించేవారు. ఆ శిస్తు రాసుకోవడం, రసీదులివ్వడం, కట్టనివాళ్లకు నోటీసులు పంపడం కచేరీ పని. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. నాకు పంతొమ్మిదేళ్లు. వ్యవసాయదారుల ఇంట పుట్టి, నాలుగక్షరాలు నేర్చుకున్నానన్న ధీమాతో ఆయన కింద చిన్న గుమాస్తాగా చేరాను.

చేరిన మొదటి వారంలోనే ఆయన నన్ను పరుగెత్తించారు. ఒక రైతు శిస్తు కట్టి వెళ్లాడు. నేను రసీదు రాసి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని తలపాగాలో దోపుకుని కాలువ గట్టెక్కి వెళ్లిపోయాడు. పంతులు గారు తలెత్తి, చదివి వినిపించావా అని అడిగారు. లేదన్నాను. అతనికి చదువు రాదు కదా, వినిపిస్తే ఏం, వినిపించకపోతే ఏం అని నా అభిప్రాయం. ఆయన కలం కింద పెట్టి, చదువు రానివాడికే కదటోయ్ చదివి చెప్పాలి, వెళ్లు అన్నారు. మిట్టమధ్యాహ్నపుటెండలో అరకోసు పరుగెత్తి ఆ రైతుని పట్టుకుని, గట్టు మీదే నిలబెట్టి రసీదు మొదటినుంచి చివరిదాకా చదివాను. అతను నవ్వి, పంతులు గారి కచేరీలో కాగితానికి మేం భయపడమండి అన్నాడు. ఆ మాట నేను వచ్చి చెబితే పంతులు గారు విననట్టే ఊరుకున్నారు. కాని ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పడం నాకిష్టం లేదు. శిస్తు కాక పైన ఎన్నెన్నో వసూళ్లుండేవి. జమీందారు గారి గుర్రాల గడ్డికొకటి, కచేరీ పైకప్పు నేతకొకటి, వారింట పెళ్లయితే దానికొకటి. చట్టం వీటిని ఒప్పదని కచేరీలో అందరికీ తెలుసు. పన్నెండేళ్లుగా వాటన్నిటినీ పంతులు గారే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు, తడబడకుండా చదివి వినిపించారు. ఇది న్యాయమేనాండి అని ఒకసారి అడిగాను. న్యాయం సంగతి నన్నడక్కు, నేను దాచకుండా చెబుతున్నాను, అంతవరకే నా పని అన్నారు. ఆ జవాబు నాకు చాలా బాగుందనిపించింది. నేనూ అలాగే ఉండాలనుకున్నాను. దాచకుండా చెబితే చాలు, చేతులు శుభ్రంగా ఉన్నట్టేనని మేమిద్దరం నమ్మాం.

రెండో ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. ఆయన వచ్చిన కొత్తలోనే జమీందారు గారు కాలువలమీద తిరగడానికి ఒక పడవ చేయించుకున్నారు. దానికి పచ్చరంగు వేయించి, కిటికీలకు అద్దాలు పెట్టించారు. ఆ ఏటి శిస్తుతో పాటు ఎకరానికింతని పడవ ఖర్చు వసూలు చేయాలని మేనేజరు హుకుం చేశాడు. పంతులు గారు మామూలుగానే రాశారు. గ్రామాల్లో చావడి దగ్గర నిలబడి మామూలుగానే చదివారు. అలవాటుగా తలూపే జనం ఈసారి తలూపలేదు.

శిస్తు తెచ్చిన రోజున కచేరీ వాకిట్లో ముందుగా నిలబడింది చిట్టెమ్మ. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. ఒక ఏడు కాలువకు గండి పడితే పూడ్చడానికి వెళ్లి ఆమె భర్త ఆ నీళ్లలోనే పోయాడు. అప్పటినుంచి మూడెకరాల వరి చేను ఒంటిచేత్తో సాగు చేస్తోంది. శిస్తు డబ్బు కొంగులోంచి విప్పి అరుగు మీద పెట్టింది.

“శిస్తు తెచ్చామండి. పడవ ఖర్చు మాత్రం ఇవ్వమండి. మేం ఎక్కని పడవకి మేమెందుకివ్వాలి?”

ఆమె వేళాకోళం ఆడలేదు. నిజంగానే అడిగింది. కాని వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. లోపల కుర్చీలో ఉన్న మేనేజరు చెవిన ఆ నవ్వు పడింది. రెండూ కలిపి కడితేనే పుచ్చుకోండి, లేకపోతే శిస్తు కూడా ముట్టుకోవద్దని ఆయన మెల్లగానే చెప్పాడు. చిట్టెమ్మ తన డబ్బు తాను తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆమె వెనకాల దాదాపు ముప్పై మంది అలాగే తిరిగి వెళ్లారు.

పదిహేను రోజులు చూసి, ఆ ముప్పై మందినీ భూములు వదిలిపొమ్మని నోటీసులు పంపాలని మేనేజరు నిశ్చయించాడు. దానికి చట్టంలో ఒక అడ్డు ఉంది. ఏ భూమికి ఎంత శిస్తో, ఏ షరతులో రాసిన కాగితాన్ని పట్టా అంటారు. ముందుగా దాన్ని జమీందారు రైతుకు ఇవ్వాలి. ఇస్తే పుచ్చుకోనని రైతు నిరాకరించాలి. ఆ తరవాతే వెళ్లగొట్టడం. మా ఎస్టేటులో పట్టాలిచ్చే ఆచారమే లేదు. అందుకని మేనేజరు పంతులు గారినీ నన్నూ లోపలి గదిలోకి పిలిచి, పట్టాలు ఇప్పుడు రాయండి, తేదీలు ఎనిమిది నెలలు వెనక్కి వేయండి, రైతులు తిరస్కరించారని అడుగున రాయండి అన్నాడు. కాస్త చలివేంద్రం పెట్టించండి అని చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

నేను పంతులు గారి వైపు చూశాను. రసీదు చదవనందుకు నన్ను ఎండలో పరుగెత్తించిన మనిషి ఇప్పుడేమంటారోనని చూశాను. ఆయన బయటికి వచ్చి చాపమీద కూర్చుని, కాగితాలు రెండు దొంతరలు చేసి ఒకటి నా వైపు తోశారు.

“రాయి” అన్నారు.

చేరినప్పటినుంచీ ఏ స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డానో అది బోలు అని తెలిసినట్టయింది. అయినా రాశాను. మూడు రోజులు ఇద్దరం తలెత్తకుండా రాశాం. సగం పట్టాలు ఆయన దస్తూరీ, సగం నాది. రైతులు తిరస్కరించగా చూసినట్టు ప్రతిదాని కిందా సాక్షిగా నేను సంతకం పెట్టాను. సరిగ్గా ఎన్ని పెట్టానో ఈనాటికీ చెప్పగలను, ఆ అంకె ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

నోటీసులు అంటించడానికి వెళ్లిన రోజు జిగురు ముంత నేను పట్టుకున్నాను. తప్పెట వాడు ముందు, పంతులు గారు వెనక, ఆ వెనక నేను. మొదటి ఇల్లు చిట్టెమ్మది. ఆమె వాకిట్లో విత్తనాలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టి, పంతులు గారికి పీట వేసింది. ఆయన కూర్చోలేదు. నోటీసు తీసి, ఎప్పటిలాగే గొంతు సవరించుకుని మొదటినుంచి చదివారు. ఫలానా నెల ఫలానా తేదీన నీకు పట్టా ఇవ్వబోగా నువ్వు తిరస్కరించినందువల్ల అన్న చోటికి వచ్చేసరికి చిట్టెమ్మ చెయ్యి ఎత్తింది.

“పంతులు గారూ, ఆ మాట ఇంకోసారి చదవండి.”

ఆయన చదివారు. అంతకు ముందున్న గొంతు లేదు.

“ఆ నెలలో మీరు మా గుమ్మం తొక్కారాండి?” అని అడిగింది. ఆయన కాగితం వైపే చూస్తున్నారు. “మాకు అక్షరాలు రావండి. ఇన్నేళ్లూ మీరు ఏది చదివితే అదే రాసుందనుకున్నాం. ఇప్పుడు మీరు చదివారు కాబట్టి, మీరొచ్చారనీ నేనే పొమ్మన్నాననీ అనుకోమంటారాండి?”

ఆమె కళ్లలో కోపం కనబడలేదు. భూమి పోతోందన్న దుఃఖం కూడా ఇంకా రాలేదు. పంతులు గారి నోట అబద్ధం విన్న దిమ్మెరపాటే ఉంది. ఆమె నిజంగానే ఆయన జవాబు కోసం చూసింది. చివరికి ఆయన నాకు సైగ చేశారు. నేను తలుపుకి జిగురు పులిమి కాగితం అంటించాను. మిగతా ఇళ్లలో ఆయన నోటీసులు చదవలేదు. నన్నే అంటించి రమ్మని వీధి చివర గొడుగు కింద నిలబడ్డారు. ఆయన చదవకుండా ఇచ్చిన కాగితాలు నాకు తెలిసి అవే.

తిరిగి వస్తూ కాలువ లాకు దగ్గర గోడ మీద కూర్చుండిపోయారు. కింద నీళ్లు హోరుమంటున్నాయి. లేచాక, నాకు ఒంట్లో బాగా లేదు, నాలుగు రోజులు రాను, పట్టాల కట్ట మా ఇంటికి పంపించు, ఒకసారి సరిచూడాలి అన్నారు. పంపించాను. ఐదోరోజు ఆయనే కట్ట తీసుకుని వచ్చి, ముడి మీద లక్క వేసి బీరువాలో పెట్టారు.

రైతులు ఫిర్యాదు చేయగా డిప్యూటీ కలెక్టరు గారు పాలకొల్లు సత్రంలో మకాం వేసి విచారణ జరిపారు. ముప్పై కుటుంబాలూ వీధిలో ఎండలో కూర్చున్నాయి. చిట్టెమ్మ అరుగు కింద నిలబడింది. ఎస్టేటు తరఫున మేనేజరూ వకీలూ వచ్చారు. కాగితాలు అందించడం నా పని కనక నేను వకీలు వెనక కట్ట పట్టుకుని నిలబడ్డాను. కేసంతా పంతులు గారి ఒక్క మాట మీద ఉంది. పట్టాలు ఇవ్వజూపానని ఆయన అంటే రైతులు లేచి వెళ్లిపోవడమే.

ప్రమాణం చేయించాక వకీలు తేలిగ్గా అడిగాడు. ఈ పట్టాలు మీరు స్వయంగా తీసుకెళ్లి రైతులకు ఇవ్వజూపారు కదండీ అని.

“లేదండి” అన్నారు పంతులు గారు.

వకీలు తనకు సరిగా వినబడలేదనుకున్నాడు. అదే ప్రశ్న కొంచెం గట్టిగా అడిగాడు.

“ఇవ్వజూపలేదండి. ఆ పట్టాలు నోటీసులకు నాలుగు రోజుల ముందు రాసినవి. తేదీలు వెనక్కి వేసి రాశాం...” అని ఆగి, “రాశాను” అని దిద్దుకున్నారు.

వీధిలో కూర్చున్నవాళ్లకు ఏం జరిగిందో అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనేజరు మొహంలో రక్తం లేదు. డిప్యూటీ కలెక్టరు గారు రాస్తున్న కలం ఆపి, మీరేమంటున్నారో మీకు తెలుస్తోందా, మీ మీదే నేరం మోపుకుంటున్నారు అన్నారు. తెలుస్తోందండి అన్నారు పంతులు గారు. ఎవరు రాయమన్నారని అడిగితే మేనేజరు గారని చెప్పారు. మేనేజరు లేచి, నాకీ సంగతే తెలియదు, నా మెప్పు కోసం తనే చేసి ఉంటాడన్నాడు.

“ఇది తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?” అని అడిగారు డిప్యూటీ కలెక్టరు గారు.

కట్టలో సగం కాగితాలు నావి. సాక్షి సంతకాలన్నీ నావి. పంతులు గారు నా వైపు తిరగనైనా తిరగలేదు.

“లేరండి. రాసింది నేనొక్కణ్ణే.”

కట్ట విప్పి ఇమ్మన్నారు. లక్క పగలగొట్టి ఒక్కొక్క పట్టా అందిస్తూ చూశాను. మొదటిది ఆయన దస్తూరీ. రెండోదీ ఆయనదే. పదోది, ఇరవయ్యోది, చిట్టచివరిది, అన్నీ ఆయనవే. నా అక్షరం ఒక్కటి లేదు. నా సంతకం ఉండవలసిన చోట ఖాళీ ఉంది. ఆ నాలుగు రోజులూ ఆయన ఇంట్లో కూర్చుని నా సగాన్నీ, నా సంతకం పడ్డ తన సగాన్నీ తిరగరాశారు. ఆ సంగతి తెలిసిన క్షణంలో నాకు కలిగింది కృతజ్ఞత అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి నాకు తల తిరిగింది. ఆయన కాగితాలు మార్చారు గనక, ఇప్పుడు నేను నోరు తెరిచి, మేనేజరు గారు చెప్పగా నేనూ విన్నానండి అంటే తప్ప ఆయన మాటకు తోడు ఇంకేదీ లేదు. నేనొక్కణ్ణే ఆ తోడు. చివరి కాగితం అందించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నోటీసులు కొట్టేశారు. పడవ ఖర్చు లేకుండా శిస్తు పుచ్చుకోమని ఉత్తరువిచ్చారు. సంతోషించాలని రైతులకు గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. మెట్లు దిగి వస్తున్న పంతులు గారికి చిట్టెమ్మ ఎదురెళ్లి, ఇప్పుడు మీకేమవుద్దండి అని అడిగింది. ఏదో ఒకటి అవుతుందిలే అన్నారాయన. ఆ ఏదో ఒకటి మూడు నెలల జైలు అయింది. దొంగ కాగితాలు పుట్టించిన నేరం ఆయన ఒప్పుకున్నదే కనక విచారణ ఒక్కరోజులో ముగిసింది. రాజమండ్రికి పడవలో తీసుకుపోయారు. మేనేజరు మీద రుజువు లేదన్నారు. పంతులు గారి శిక్ష ఖాయమైన మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, నీకేమైనా తెలుసా అని మెత్తగా అడిగాడు. తెలియదండి అన్నాను. ఆ రోజే నాకు పంతులు గారి చాప, పంతులు గారి పెట్టె, జీతంలో రెండు రూపాయల పెంపు వచ్చాయి.

వారం తిరక్కుండానే మేనేజరు నాతో ఇంకో నోటీసు రాయించాడు. కచేరీ వెనక రెండు గదుల ఇంట్లో పంతులు గారు కాపురముండేవారు. పెద్ద గుమాస్తాకు ఆ ఇల్లు ఊరికే ఇవ్వడం ఎస్టేటు ఆచారం. ఇప్పుడు ఆయన భార్య కామేశ్వరమ్మ గారు ఒక్కరే ఉన్నారు. ఎనిమిది రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలని, పన్నెండేళ్ల అద్దె చెల్లించాలని, పెరట్లో రెండు కొబ్బరిచెట్ల కాపు విలువ వేరే కట్టాలని, నుయ్యి వాడుకున్నందుకు ఇంత అని మేనేజరు అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు. నేను రాశాను. చెయ్యి వణికిందని రాయగలిగితే ఇప్పుడు నాకు సుఖంగా ఉండేది. వణకలేదు. ఒక్క కొట్టివేత లేకుండా, పంతులు గారు నేర్పినట్టే, గీత తప్పకుండా రాశాను.

బంట్రోతుతో పంపకుండా నేనే తీసుకెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కామేశ్వరమ్మ గారు పెరట్లో పిడకలు తిరగేస్తున్నారు. చేతులు కడుక్కుని వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు. నేను కాగితం విప్పి మొదటినుంచి చదివాను. కొబ్బరిచెట్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ ఒకసారి ఆ చెట్ల వైపు చూశారు. కాపురానికి వచ్చిన ఏడు ఆవిడ పాతినవే అవి. చదవడం అయ్యాక కాగితం ఇమ్మని చెయ్యి చాచారు. ఆవిడకు కొద్దిగా చదువు వచ్చు. చాలాసేపు చూశారు.

“దస్తూరీ నీదేనా నాయనా?”

“అవునండి.”

“చక్కగా కుదిరింది. ఆయన చూస్తే సంతోషించును.”

ఎత్తిపొడుపేమో అనుకుని మొహంలోకి చూశాను. కాదు. ఆవిడ గొంతులో రవ్వంత వెటకారం లేదు. మా ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడు బాగా రాస్తున్నాడని ఆ క్షణాన ఆవిడకు నిజంగానే అనిపించింది. తరవాత కొంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఇంటికి వెళ్లి అన్నం తినగలిగేవాణ్ణి.

ఆవిడకు నిలవ నీడ లేకుండా పోతుందని నేను భయపడుతూ ఉండగానే చిట్టెమ్మ తన చేను గట్టున పాక వేయించడం మొదలెట్టింది. తాటాకులొకరు, వెదుళ్లొకరు, తాళ్లొకరు తెచ్చారు. నోటీసులు అందుకున్న ముప్పై ఇళ్లవాళ్లూ వచ్చారు. బాకీ కింద మేనేజరు ఇత్తడి సామాను ఆపుకుంటే, ఒక్కో ఇంటినుంచి ఒక్కో కుండ వచ్చింది. రెండో రోజు సాయంత్రం నేనూ వెళ్లాను. ఒక వెదురు ఎత్తబోతే చిట్టెమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.

“మీరెందుకులెండి బాబూ, బట్టలు మాసిపోతాయి” అంది.

ఎంతో మర్యాదగా అంది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ పని ఆపలేదు, నా వైపు చూడలేదు. నేను గట్టు దిగి వచ్చేశాను. ఆ తరవాత వెంటనే ఉద్యోగం వదిలేశానని చదివేవాళ్లు అనుకుంటారేమో. వదల్లేదు. పంతులు గారు విడుదలయ్యే దాకా ఆ చాప మీదే కూర్చుని జీతం పుచ్చుకున్నాను.

విడుదల రోజున రాజమండ్రి వెళ్లి జైలు గేటు బయట నిలబడ్డాను. ఆయన బాగా చిక్కిపోయి వచ్చారు. తల మీద జుట్టు కత్తిరించేశారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఇద్దరం గోదావరి ఒడ్డుదాకా నడిచాం. ఆయన స్నానం చేసి, తడి పంచె పిండి ఇసుకలో ఆరవేసి కూర్చున్నారు. నేను వారం రోజులుగా కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, మీ ఇంటికి నోటీసు నేనే రాశానండి అన్నాను. తెలుసన్నారు. కామేశ్వరమ్మ గారు ఉత్తరం రాయించారట.

“చదివి వినిపించావా?” అని అడిగారు.

“వినిపించానండి.”

“కొబ్బరిచెట్ల సంగతి కూడా?”

“అదీ చదివానండి.”

ఆయన తలూపి నది వైపు చూశారు. అవతలి ఒడ్డుకు పడవొకటి పోతోంది. అప్పుడు నేను, నా పట్టాలెందుకు తిరగరాశారండి, విచారణలో నన్ను సాక్షిగా పిలిస్తే మేనేజరు తప్పించుకునేవాడు కాదు కదా అని అడిగాను. పిలిచి ఉంటే చెప్పేవాణ్ణన్నట్టు అడిగాను. ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే అది అబద్ధమని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

“నేను రాయమంటే కదటోయ్ నువ్వు రాశావు. రాయమన్నవాడిదే రాత” అన్నారు.

మర్నాడు కామేశ్వరమ్మ గారిని పాకలోంచి తీసుకుని, పట్టిసీమలో ఆవిడ తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. ఆ వారమే నేను కచేరీ చాప మీదినుంచి లేచి వచ్చేశాను. పట్టిసీమకు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆయన ఊళ్లో విషయాలు మాట్లాడారు, భోజనం పెట్టించారు, రేవు దాకా వచ్చి పడవెక్కించారు. మూడోసారి వెళ్లేసరికి ఆయన పోయి నెల దాటింది.

రాయమన్నవాడిదే రాత అన్న ఆ ఒక్క మాటతో ఆయన నన్ను విడిచిపెట్టాలనుకున్నారు. నేను దాన్ని పట్టుకుని బయటపడలేకపోయాను. కామేశ్వరమ్మ గారికి నోటీసు రాయమన్నది మేనేజరు. పంతులు గారు చెప్పిన ప్రకారం అది మేనేజరు రాత కావాలి. ఎన్నిసార్లు ఎన్ని విధాల తిప్పి చూసుకున్నా అది నా రాతగానే కనబడుతుంది. సత్రంలో నేను మింగిన మాటను ఎవరూ మింగమనలేదు. ఇక్కడ కోర్టు ఆవరణలో అప్పుడప్పుడు ఇళ్ల యజమానులో భూస్వాముల మనుషులో వచ్చి, తేదీ ఒక్కటి కాస్త వెనక్కి జరిపి రాయండి, మీకేం పోయింది, రాయమన్నది మేమే కదా అంటారు. నేను కలం మూత పెట్టి, నా వల్ల కాదండి అంటాను. పొగరని కొందరంటారు, చేతకాదని కొందరంటారు. వాళ్లు లేచి పక్కన కూర్చునే ఇంకో రాతగాడి దగ్గరికి వెళ్తారు. అతను రాసి ఇస్తాడు. ఆ కాగితం ఆ మధ్యాహ్నమే ఎవరి తలుపుకో అంటుతుంది. నేను ఆపగలిగింది ఏమీ లేదు. అందులో నా అక్షరం ఉండదు, అంతే.